కాలి పొడవు, చక్రపు ఎత్తు: ఎదిగే పిల్లలకు పందెపు సైకిలు

"పిల్లవాడు ఎదుగుచున్నాడు, కొంచెము వదులుగా కుట్టు" అని దర్జీకి చెప్పని తండ్రి మనలో అరుదు. బట్టల విషయమున అది మంచి పొదుపే. లోపలి మడత విప్పినచో చొక్కా మరొక ఏడాది సరిపోవును. కాని రోడ్డు పందెముల సైకిలు కొనునప్పుడు కూడ ఇదే పద్ధతిని పాటింపవచ్చునా? పదమూడు, పదునాలుగేండ్ల పిల్ల గాని పిల్లవాడు గాని పందెములలో దిగదలచినప్పుడు ప్రతి కుటుంబమునకు ఎదురగు ప్రశ్న ఇది. పందెపు సైకిలు ఖరీదైన వస్తువు. ఏటేట కొనుట సాధ్యము కాదు. "ఒక కొలత పెద్దది తీసికొందము, పిల్లవాడే ఎదిగి సరిపోవును" అని పెద్దలకు తోచుట సహజము.

ఈ ప్రశ్నకు సమాధానము సైకిలు చరిత్రలోనే కలదు. ఒకప్పుడు మనిషి కాలి పొడవే సైకిలు వేగమును నిర్ణయించెడిది. ఆ బంధమును త్రెంచుటకు ఇంజనీర్లకు చాలకాలము పట్టినది. వారు త్రెంచిన బంధమేదో తెలిసికొన్నచో, మనము దుకాణములో దేనిని చూడవలెనో, దేనిని చూడనక్కరలేదో తేటపడును.

నేలను తన్నిన బండి

1817వ సంవత్సరము జూన్ 12వ తేదీన జర్మనీలోని మన్‌హైము నగరమునుండి కార్ల్ డ్రైస్ అను నతడు ఒక వింత బండిపై బయలుదేరెను. కొయ్యతో చేసిన రెండు చక్రములు ఒకదాని వెనుక నొకటి. మధ్య కూర్చొనుటకు పీట. ముందు చక్రమును త్రిప్పుటకు ఒక పిడి. పెడళ్లు లేవు. పాదములతో నేలను వెనుకకు తన్నుచు అతడు సుమారు 13 కిలోమీటర్ల దూరమును గంటలోపున పోయి వచ్చెను. ఈ బండికి కావలసిన కొలత ఒక్కటే. కూర్చున్నవాని పాదములు నేలకు చక్కగా ఆనవలెను.

1860వ దశకములో ఫ్రాన్సు దేశీయులు ముందు చక్రపు ఇరుసుకు క్రాంకులను, పెడళ్లను తగిలించిరి. పారిస్‌లో పియెర్ మిషో కార్ఖానా ఇట్టి బండ్లకు ప్రసిద్ధి చెందెను. పియెర్ లాల్మాఁ అను మరొక ఫ్రెంచివాడు 1866 నవంబరులో అమెరికాలో దీనికి పేటెంటు పొందెను. పాదము నేలను విడిచినది. వెంటనే పందెములు మొదలైనవి. 1869 నవంబరు 7వ తేదీన పారిస్‌నుండి రువాఁ పట్టణమునకు 123 కిలోమీటర్ల పందెము జరిగెను. జేమ్స్ మూర్ అను ఆంగ్లేయుడు సుమారు పదిన్నర గంటలలో చేరి గెలుపొందెను. అనగా అతని వేగము గంటకు పండ్రెండు కిలోమీటర్లకు లోపే. నేడు హైస్కూలు విద్యార్థి మామూలు సైకిలుపై అంతకంటె వేగముగా బడికి పోగలడు.

పొడుగు కాళ్లవారి కాలము

ఆ వేగము తక్కువగా నుండుటకు కారణము సులభముగా తెలియును. పెడలు ఒకసారి తిరిగినచో చక్రము కూడ ఒకసారే తిరుగును. ఒక తొక్కుడుకు బండి సాగే దూరము, అనగా రెండు పెడళ్లు ఒక పూర్తి చుట్టు తిరిగినప్పుడు సాగే దూరము, ఆ చక్రపు చుట్టుకొలతకు సమానము. దీనిని మనము "తొక్కుడు దూరము" అందము. ఈ దూరమును పెంచుటకు ఆనాడున్న మార్గ మొక్కటే: చక్రమును పెద్దది చేయుట.

కొయ్య ఆకులతో మిక్కిలి పెద్ద చక్రము చేసినచో బరువు పెరుగును. సన్నని ఇనుప తీగలను బిగువుగా లాగి కట్టిన చక్రము ఈ ఇబ్బందిని తీర్చినది. ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణమున జేమ్స్ స్టార్లీ, విలియం హిల్‌మన్ 1870లో పేటెంటు పొందిన "ఏరియల్" బండి ఈ తీగ చక్రములతో ప్రసిద్ధి కెక్కెను. తరువాతి పదిహేనేండ్లు ఎత్తుచక్రపు సైకిలుదే రాజ్యము. ముందు మనిషి భుజమంత ఎత్తు చక్రము, వెనుక చిన్న చక్రము. అణా ప్రక్కన దమ్మిడీ నుంచినట్లున్న ఈ బండికి ఆంగ్లేయులు తమ నాణెముల పేర్లతో "పెన్నీ ఫార్దింగ్" అను ముద్దు పేరు పెట్టిరి.

అయితే చక్రము ఎంత పెద్దది కావచ్చును? ఇక్కడ యంత్రము మనిషిని అడుగవలసి వచ్చినది. సీటు చక్రముపైన ఉండును. పెడలు అడుగుకు పోయినప్పుడు పాదము దానిని అందుకొనవలెను. కావున చక్రపు వ్యాసార్ధము, క్రాంకు పొడవు, సీటుకును చక్రమునకును గల ఎడము, ఈ మూడును కలిపి కాలి పొడవును మించరాదు. ఆ కాలమున సైకిలు కొనువాడు దుకాణమున మొట్టమొదట చెప్పవలసినది తన కాలి కొలత.

ఇందలి అన్యాయమును లెక్కలలో చూతము. 52 అంగుళముల చక్రమునకు తొక్కుడు దూరము 4.15 మీటర్లు. కాళ్లు ఇంకను ఎదుగుచున్న బాలునికి 44 అంగుళముల చక్రమే అందు ననుకొందము. వాని తొక్కుడు దూరము 3.51 మీటర్లు. ఇద్దరును నిమిషమునకు 90 సార్లు త్రొక్కినచో మొదటివాడు గంటకు 22.4 కిలోమీటర్లు పోవును. రెండవవాడు 19 కిలోమీటర్లు మాత్రమే. బాలుని గుండె, ఊపిరి, కండరములు ఎంత గట్టివైనను ఈ వెనుకబాటు తప్పదు. ఆ కాలమున "ఇంకా ఎదుగును గదా, ఒక కొలత పెద్ద చక్రము కొందము" అనుటకైనను వీలులేదు. కాలు అందకపోయినచో బండి కదలదు. అందినను ఎత్తునుండి తలక్రిందులుగా పడు ప్రమాదము ఉండనే యుండెను.

గొలుసు చేసిన మేలు

1880లో మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ అను ఇంజనీరు దృఢమైన రోలరు గొలుసును కనిపెట్టెను. 1885లో కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ సోదరుని కుమారుడైన జాన్ కెంప్ స్టార్లీ "రోవర్" అను సైకిలును వెలువరించెను. దాదాపు సమానమైన రెండు చిన్న చక్రములు, వాని మధ్య కూర్చొనువాడు, వెనుక చక్రమును త్రిప్పు గొలుసు. ఇంతకుముందు ఇట్టి ప్రయత్నములు జరుగకపోలేదు; కాని లోకము అనుసరించినది రోవర్‌నే. ఎత్తునుండి పడు భయము లేనందున దీనికి "సురక్షిత సైకిలు" అని పేరు వచ్చినది. నేడు మన వీధిలో కనబడు సైకిలు దాని సంతతియే.

గొలుసు చేసిన ఉపకారము భద్రతతో ఆగలేదు. ముందు పళ్లచక్రమునకు 48 పళ్లు, వెనుక దానికి 18 పళ్లు ఉన్నవనుకొనుడు. పెడలు ఒకసారి తిరిగినచో వెనుక చక్రము 48ని 18చే భాగింపగా వచ్చిన 2.67 సార్లు తిరుగును. వెనుక చక్రపు వ్యాసము 28 అంగుళములైనచో ఈ బండి 74.7 అంగుళముల ఎత్తుచక్రమునకు సమానము. అంత చక్రముపై కూర్చొని త్రొక్కగల కాళ్లు మామూలు మనుష్యులకు లేవు. సైకిలు లోకము ఈ "అంగుళముల" లెక్కను నేటికిని మరువలేదు. గేరు ఎన్ని అంగుళములని ఇప్పటికిని కొందరు చెప్పుచుండుట ఎత్తుచక్రపు కాలము మిగిల్చిన గురుతు.

ఇట్లు కాలి పొడవుకు, తొక్కుడు దూరమునకు గల ముడి విడిపోయినది. పొట్టివారు, స్త్రీలు, పిల్లలు అందరును ఒకే తొక్కుడు దూరముతో పోగలిగిరి. కొద్ది కాలములోనే మరియొక మార్పు వచ్చెను. బెల్‌ఫాస్టులో పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్‌లప్ తన చిన్న కుమారుని మూడుచక్రముల బండి గతుకులలో కుదుపు లేకుండ పోవుటకై రబ్బరు గొట్టములో గాలి నింపి చూచెను. 1888లో దానికి పేటెంటు పొందెను. గాలి టైరును 1845లోనే రాబర్ట్ థామ్సన్ ఊహించియుండెను గాని అది మరుగున పడినది. 1889లో విల్లీ హ్యూమ్ గాలి టైర్లతో బెల్‌ఫాస్టు పందెములలో గెలిచిన పిమ్మట గట్టి రబ్బరు టైరుకు కాలము చెల్లినది. నేటి పందెపు సైకిలు పరుగెత్తు టైరు ఒక పిల్లవాని బండికొరకు పుట్టినదని గుర్తుంచుకొనదగును.

బలమునకు తగిన గేరు

కాలి పొడవు అడ్డు తొలగగానే కొత్త ప్రశ్న పుట్టినది. తొక్కుడు దూరమును ఇష్టమువచ్చినంత పెంచవచ్చును గదా. ఎంత పెంచుట మంచిది? ఎత్తుచక్రము పిల్లవానికి తెలియకుండనే ఒక హద్దు గీచెడిది. గొలుసు ఆ హద్దును తుడిచివేసినది.

1903లో ప్రారంభమైన ఫ్రాన్సు దేశ పర్యటన పందెము, అనగా టూర్ ద ఫ్రాన్స్, కండబలమునకు పరీక్షగా ఉండవలెనని దాని నిర్వాహకుడు ఆన్రీ దెగ్రాంజ్ పట్టుదల. 1904లో మొదటి నలుగురు నియమోల్లంఘనముచే తొలగింపబడగా, ఇరువది యేండ్లు ఇంకను నిండని ఆన్రీ కోర్నే విజేతగా ప్రకటింపబడెను. ఆ పందెమును గెలిచినవారిలో అందరికంటె పిన్నవాడు నేటికిని అతడే. దారిలో గొలుసును ఒక పళ్లచక్రమునుండి మరియొకదానికి మార్చు సాధనమును ఆ పందెములో 1937 వరకు అనుమతింపలేదు. సెయింట్ ఎతియెన్ పట్టణమున పత్రిక నడిపిన పాల్ ద వీవీ మాత్రము పలు గేర్లు అవసరమని అంతకు ఎన్నో ఏండ్ల ముందునుండి వాదించుచుండెను. ఎక్కుడులో చిన్న గేరు వాడుట బలహీనత కాదు, బలమును సరిగా ఖర్చుపెట్టుట అని ఆ వాదము సారము. చరిత్ర ఆయన పక్షమున తీర్పు చెప్పినది.

పిల్లల విషయమున ఈ వాదము మరింత ముఖ్యము. ఒక చిన్న లెక్క చూడుడు. గంటకు 30 కిలోమీటర్ల వేగమనగా నిమిషమునకు 500 మీటర్లు. తొక్కుడు దూరము 7.93 మీటర్లయినచో నిమిషమునకు 63 సార్లు త్రొక్కవలెను. అదే 5.5 మీటర్లయినచో 91 సార్లు. రెండింటను వేగము ఒక్కటే, శరీరము చేయు పని ఒక్కటే. కాని మొదటిదానిలో ప్రతి తొక్కుడుకు పెడలుపై వేయవలసిన బలము రెండవదానికంటె నూటికి నలుబదికి పైగా ఎక్కువ. ఎదిగే వయసులో మోకాలిచిప్ప క్రింది స్నాయుబంధనము ఎముకకు అతుకు చోట మృదులాస్థి ఇంకను పూర్తిగా ఎముకగా మారియుండదు. అచ్చట మాటిమాటికి గట్టి లాగుడు కలిగినచో నొప్పి, వాపు రావచ్చును.

ఇట్టి ఆలోచనతోనే అంతర్జాతీయ సైకిలు సమాఖ్య 17, 18 ఏండ్ల "జూనియర్" రోడ్డు పందెములలో తొక్కుడు దూరము 7.93 మీటర్లు మించరాదని చాలకాలము నియమము ఉంచినది. 52 పళ్లకు 14 పళ్లు ఉన్నప్పుడు వచ్చు దూరమిది. ఈ వయసువారికి ప్రపంచ రోడ్డు పోటీలు బాలురకు 1975లోను, బాలికలకు 1987లోను ఆరంభమైనవి. తనిఖీ పద్ధతి మిక్కిలి సులభము. నేలపై గీత గీచి, పెడలును ఒక పూర్తి చుట్టు త్రిప్పునంతవరకు సైకిలును వెనుకకు నడపి, ఆ దూరమును కొలుతురు. 2023 జనవరినుండి ఆ సమాఖ్య ఈ హద్దును తొలగించెను. ఇంకను చిన్నవారికి దేశీయ నియమములు దేశమున కొక తీరుగా నుండును. నియమము పోయినను పైన చెప్పిన లెక్క మారలేదు. చట్టము గీచిన హద్దును ఇకమీదట ఉపాధ్యాయుడు, శిక్షకుడు, తండ్రి గీయవలసియున్నది.

చట్రమును మడచుట సాధ్యమా?

గేరును మార్చుకొనవచ్చును, వెనుక పళ్లచక్రమును విప్పి వేరొకటి బిగించినచో సరిపోవును. చట్రము అట్లు కాదు. మన ప్రశ్న ఇక్కడికే వచ్చినది.

మన పల్లెలలో తండ్రి సైకిలుపై నేర్చుకొన్నవారికి పెద్ద చట్రము సంగతి తెలియును. సీటు అందక, పై కడ్డీ క్రిందుగా త్రికోణములో కాలు దూర్చి, ఒడలు ఒక ప్రక్కకు వంచి సగము సగము త్రొక్కుచు పోవుట మన బాలుర సాహసములలో ఒకటి. అది నేర్చుటకు చాలును. గంటల తరబడి గుంపులో వేగముగా పోవలసిన పందెమునకు చాలదు. పెద్ద చట్రముపై పిల్లవాడు మూడు విధముల నష్టపోవును. పెడలును అందుకొనుటకు తుంటిని అటునిటు ఊపును. హ్యాండిలు దూరమై నడుమును, మెడను సాగదీయును. అన్నిటికంటె ముఖ్యముగా వంకర హ్యాండిలుపై బ్రేకు మీటలు చేతివ్రేళ్లకు సరిగా అందవు. ఆపలేని సైకిలు ఎంత మంచిదైనను పనికిరాదు.

చిన్న చట్రపు సంగతి వేరు. సీటు కడ్డీని పైకి లాగవచ్చును. హ్యాండిలును చట్రముతో కలుపు మెడ ముక్కను మార్చి, ఒకటి రెండు సెంటీమీటర్లు పొడవైనది వేయవచ్చును. చొక్కాకు, సైకిలుకు గల భేదమిదే. వదులు చొక్కాను మడచి కుట్టవచ్చును. పెద్ద చట్రమును మడవలేము. చిన్న చట్రమును మాత్రము కొంతవరకు సాగదీయవచ్చును.

ఎంతవరకు? బాలికలు సుమారు పండ్రెండేండ్లకు, బాలురు సుమారు పదునాలుగేండ్లకు అత్యంత వేగముగా ఎదుగుదురు. ఆ ఒక్క ఏడాదిలో ఎత్తు 8 నుండి 10 సెంటీమీటర్లు పెరుగుట కలదు. ముందు కాళ్లు, తరువాత మొండెము పెరుగును. కాళ్ల పెరుగుదల 4 సెంటీమీటర్లనుకొన్నను సీటును ఇంచుమించు అంతే ఎత్తవలసి యుండును. సీటు కడ్డీకి ఆ వెసులుబాటు ఉండును. దానిపై చెక్కిన కనీసపు గీత చట్రమునుండి బయట పడరాదు. పడినచో కడ్డీ విరుగు ప్రమాదము కలదు. మరుసటి ఏడు మొండెము, చేతులు పెరిగినప్పుడు మెడ ముక్కను మార్చవలెను. శరీరము ఎదుగు వరుసలోనే సైకిలును సర్దుకొనవచ్చునన్నమాట.

చట్రములు కూడ ఈ దిశలో మారినవి. 1985లో అమెరికాలో జార్జీనా టెర్రీ పొట్టివారగు స్త్రీలకై ముందు చక్రమును 24 అంగుళములకు తగ్గించి, చేతికి అందు చట్రములు చేసెను. 1997లో జయంట్ సంస్థకై మైక్ బరోస్ వెనుకకు వాలిన పై కడ్డీ గల పందెపు సైకిలును రూపొందించెను. కడ్డీ వాలియుండుటచే చట్రము చిన్నదై, సీటు కడ్డీ ఎక్కువగా బయటికి వచ్చును. కొద్ది కొలతలతోనే పలువురికి సరిపోవును. ఎదిగే పిల్లలకు ఈ వాలు కడ్డీ చేయు మేలు అంతింత కాదు.

సూత్రములు, క్రాంకులు

సీటు ఎత్తునకు రెండు సూత్రములు ప్రసిద్ధములు. గోడకు ఆనుకొని నిలిచి, కాళ్ల నడుమ పుస్తకము నిలువుగా పెట్టి, దాని పై అంచునుండి నేలవరకు కొలిచినది లోకాలి కొలత. 1967లో హామ్లీ, థామస్ అను పరిశోధకులు క్రిందనున్న పెడలునుండి సీటు పైభాగమువరకు ఈ కొలతకు 1.09 రెట్లు ఉండుట మంచిదని తేల్చిరి. 1980లలో ఫ్రెంచి శిక్షకుడు సిరిల్ గిమార్, 1979లో జూనియర్ ప్రపంచ విజేతయైన గ్రెగ్ లెమాండ్ ప్రచారములోనికి తెచ్చిన సూత్రము, క్రాంకు ఇరుసునుండి సీటువరకు 0.883 రెట్లు.

లోకాలి కొలత 80 సెంటీమీటర్లు, క్రాంకు 17 సెంటీమీటర్లు అయినచో మొదటి సూత్రము ప్రకారము ఇరుసునుండి సీటు ఎత్తు 70.2, రెండవదాని ప్రకారము 70.6. రెండును కలిసినవి. ఇక 70 సెంటీమీటర్ల లోకాలి గల బాలునికి అదే క్రాంకుతో లెక్కింపుడు: 59.3, 61.8. రెండున్నర సెంటీమీటర్ల భేదము! క్రాంకును 15.5 సెంటీమీటర్లకు తగ్గించినచో మొదటి సూత్రము 60.8 ఇచ్చును, భేదము ఒక సెంటీమీటరుకు దిగును. పెద్దల క్రాంకుతో పెద్దలకై చేసిన సూత్రమును పిల్లలకు గ్రుడ్డిగా వాడరాదని ఇందుచే తెలియుచున్నది. సూత్రము ఆరంభము మాత్రమే. తుంటి ఊగకుండ, అడుగున మోకాలు కొద్దిగా వంగియుండునట్లు చూచి సర్దవలెను.

పొట్టి క్రాంకు వలన బలము తగ్గునేమో యను భయము అక్కరలేదు. 2001లో మార్టిన్, స్పిర్డూసో అనువారు 12 నుండి 22 సెంటీమీటర్ల వరకు అయిదు పొడవుల క్రాంకులతో శిక్షణ పొందిన సవారులను పరీక్షించిరి. మిక్కిలి పొట్టిదానికిని, మిక్కిలి పొడవైనదానికిని గరిష్ఠ శక్తి ఉత్తమమైన దానికంటె నూటికి నాలుగు పాళ్లు మాత్రమే తగ్గెను.

దుకాణములో

ఇప్పుడు మన ప్రశ్నకు జవాబు సిద్ధముగా నున్నది. చట్రమును నేటి శరీరమునకు కొనుడు. రెండు కొలతల మధ్య సందేహము కలిగినచో చిన్నదానినే ఎన్నుకొనుడు. పై కడ్డీకి ఇరువైపుల పాదములు నేలకు ఆనించి నిలిచినప్పుడు కడ్డీ శరీరమునకు తగులరాదు. బ్రేకు మీటలను పిల్లవాడే నొక్కి చూపవలెను; మీటను దగ్గరకు తెచ్చు మర చాల సైకిళ్లకు ఉండును. వెనుక చక్రమునకు ఎక్కుడులో సులభముగా త్రొక్కదగిన పెద్ద పళ్లచక్రములు ఉండవలెను. ఒకరు ఎదిగి విడిచిన మంచి సైకిలును మరొకరికి కొనుట ఏమాత్రము చిన్నతనము కాదు. పొదుపు చేయవలసినది అక్కడ. మూడు నెలల కొకసారి లోకాలి కొలత తీసి, నోటుపుస్తకములో వ్రాసి, సీటును సర్దవలెను.

ఉపాధ్యాయులు ఈ పాఠమును బడి ఆవరణలోనే ప్రయోగముగా చేయింపవచ్చును. నాలుగైదు సైకిళ్లను తెప్పించి, పళ్లను లెక్కింపజేసి, చక్రపు వ్యాసమును కొలిపించి, తొక్కుడు దూరమును ముందుగా గుణించి చెప్పుమనుడు. తరువాత నేలపై గీత గీచి నిజముగా కొలువుడు. రెండు సంఖ్యలు కలిసినప్పుడు పిల్లలకు నిష్పత్తి అననేమో చక్కగా అర్థమగును. దానితోపాటు మరొక సత్యము కూడ తెలియును. ఒకనాడు పొట్టి కాళ్లవాడు చిన్న చక్రముతో వెనుకబడవలసి వచ్చెను. ఆ శిక్షను గొలుసు రద్దుచేసి నూరేండ్లు దాటినది. పిల్లవానికి అందని సైకిలు కొనిపెట్టి దానిని మనము మరల విధింపరాదు.